జయరథం వేడెక్కిన రోజు

పొదిలిలో జయపాల్ మాస్టారిల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఎర్ర రథం మాస్టారిల్లు అంటే మాత్రం బస్టాండులో బజ్జీలు వేసేవాళ్లు కూడా గరిటె ఎత్తి దారి చూపిస్తారు. ఆ పేరు ఎవరో పెట్టింది కాదు, నేను కోరి తెచ్చుకున్నదే.

చిన్నప్పుడే పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. అందుకని చిలకలూరిపేటలో వెల్డింగు షాపు నడిపే మాబు సాహెబ్ చేత ఒక మోటారు సైకిలుకు వెనక రెండు చక్రాలు, ఇద్దరు కూర్చునే సీటు బిగించి, గేరు చేత్తో వేసుకునేలా రాడ్డు పెట్టించుకున్నాను. బండి శుభ్రంగా నడిచేది. అక్కడితో ఆగితే నేను జయపాల్‌ని ఎందుకవుతాను? రోడ్డు మీద జనం ముందు నా కాలు చూసేవాళ్లు, తర్వాత చక్రాలు చూసేవాళ్లు, చివర్లో ‘అయ్యో’ అన్నట్టు మొహం పెట్టేవాళ్లు. కారుని చూసినట్టు నా బండిని చూడాలని నాకు మహా కోరిక. ఇంజను, చక్రాలు, నా కాళ్లు ఏవీ కనపడకుండా చుట్టూ ఎర్రటి ఫైబరు డొప్పలు బిగించమన్నాను. మాబు సాహెబ్ కూడా నాకు తగ్గవాడే. డొప్పల మీద మంటల బొమ్మ వేస్తానని ఉబలాటపడ్డాడు. మంటలొద్దని, ‘జయరథం’ అని రాయించాను. మంటలు లోపల్నుంచి వస్తాయని అప్పటికింకా తెలియదు.

అది గాలి తగిలితే చల్లబడే రకం ఇంజను. నేను దానికి ఎండాకాలంలో డొప్పల రగ్గు కప్పాను. ఊరు దాటేలోపే నా పిక్కలు ఉడికేవి. మొదట గోనెపట్టా తడిపి అడ్డం పెట్టాను. ఆవిరి పట్టినట్టయింది. తర్వాత బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను లోపల బిగించాను. అది ఇంజను వేడిని పోగుచేసి తిన్నగా నా ఒళ్లోకి తోసేది. మా స్కూల్లో లెక్కలు చెప్పే శివరామకృష్ణ ఒకసారి డొప్ప మీద చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు.

"ఒరేయ్ జయపాల్, ఇది రథమా, పెనమా?"

"కొత్త బండి అలాగే ఉంటుంది. దీని డిజైను నీకర్థం కాదులే," అన్నాను. నాకూ అర్థం కాలేదన్న సంగతి చెప్పలేదు.

మా అక్క కూతురు ఆరాధన పెళ్లి ఏప్రిల్లో, కనిగిరి చర్చిలో పెట్టుకున్నాం. చుట్టాలంతా పొద్దున్నే బస్సులో వెళ్లిపోయారు. పెళ్లికూతురు, తోడుగా నా భార్య రెబ్కా వెనకాల కారులో రావాలి. పూలు కట్టించడానికి ఒంగోలు వెళ్లిన ఆ కారు తిరిగి రాలేదు. చీమకుర్తి దగ్గర గ్రానైటు లారీ రోడ్డుకి అడ్డం తిరిగిందని, ముందుకీ వెనక్కీ దారి లేదని డ్రైవరు ఫోను చేశాడు.

"ఆటో పిలవండి," అంది రెబ్కా.

"మేనమామని నేనుండగా పెళ్లికూతురు ఆటోలో వెళ్లడమేంటి? రథం లేదూ!"

రెబ్కా నావైపు చూసిన చూపుని నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను.

తెల్ల పట్టుచీర, తల మీద ముసుగు, చేతిలో పూలగుత్తితో ఆరాధన వెనక సీట్లో కూర్చుంది. పక్కన రెబ్కా. ముందు సూటు వేసుకుని నేను. ఊళ్లో జనం ఆగి చూస్తుంటే ఒక చెయ్యి ఎత్తి ఊపాను కూడా. ఊరు దాటాక ఎండ ముదిరింది. ఎదురుగాలి, ముగ్గురి బరువు, పైగా రోడ్డు కాస్త మెరక. బండి ఈడవలేక గొణుగుతోంది.

"మావయ్యా, ఏదో కాలుతున్న వాసనొస్తోంది," అంది ఆరాధన.

"కళ్లాల్లో మిరపకాయలు ఆరబోశారమ్మా. ఆ ఘాటే."

కాసేపటికి నా కుడికాలి బూటు బ్రేకు పెడలుకి అంటుకుంటోందని తెలిసింది. కాలుతున్నది నా బూటు అడుగు. ఆ మాట చెబుదామనుకునేలోపే ఇంజను టకటకమని కొట్టుకుని, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

ఎదురుగా మిరప కళ్లం. కాయలు ఏరుతున్న ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఆ కళ్లం ఆవిడ వెంకటరావమ్మ అట, చేట చేత్తో పట్టుకునే రోడ్డు మీదికి వచ్చింది.

"ఏందయ్యా, పెళ్లికూతుర్ని ఈ పొయ్యి మీద ఎక్కించుకొచ్చావా?"

నేను వినిపించుకోకుండా బిందెడు నీళ్లు అడిగాను. "ఇంజను మీద పోస్తే చల్లబడుద్ది."

"కాగిన గాజుగ్లాసులో చన్నీళ్లు పోస్తే ఏమవుద్దో మీకు తెలీదా?" అని రెబ్కా కసిరింది. "ముందు ఆ డొప్పలు పీకండి."

"డొప్పలు తీస్తే బాగోదు రెబ్కా. చర్చి ముందు అందరూ..."

నా మాట పూర్తి కాలేదు. ఆరాధన పూలగుత్తి అత్త చేతికిచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, టూల్ బాక్సులోంచి స్పానరు తీసింది.

"వద్దమ్మా, చీర పాడవుద్ది."

"చిన్నప్పుడు నన్ను చేత్తో తిప్పే నీ మూడు చక్రాల సైకిలు మీద బడికి తీసుకెళ్లేవాడివి. దానికి డొప్పల్లేవు. నేనెప్పుడైనా సిగ్గుపడ్డానా మావయ్యా? జరుగు."

నేను జరిగాను. చాలా ఏళ్లుగా నేను దాచుకుంటున్నదేంటో ఆ పిల్లకి ముందే తెలుసని ఆ క్షణంలో తెలిసింది. బోల్టులు వదులు చేయడంలో సాయపడదామంటే వంగలేను, అలాగని ఊరికే నిలబడలేను. అందుకని సీటు కింద ఉన్న గొడుగు తీసి ఆరాధనకు ఎండ తగలకుండా పట్టుకున్నాను. సూటు వేసుకుని గొడుగు పట్టిన నన్ను చూసి కళ్లంలో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

డొప్పలు ఊడి రాగానే లోపల్నుంచి వేడి గుప్పున కొట్టింది. వెంకటరావమ్మకు జాలి కలిగినట్టుంది, ఇంజనుకు చేటతో విసరడం మొదలుపెట్టింది. ఆ చేటతో అంతకుముందే కాయలు చెరిగింది. పొడంతా లేచి కాగిన ఇంజను మీద పడి మాడింది. ఆ ఘాటుకు ముగ్గురం దగ్గి, తుమ్మి, కళ్లు తెరవలేక రోడ్డు మీద గుడ్డివాళ్లలా తిరిగాం.

"అయ్యో తల్లీ, బుద్ధి తక్కువై విసిరాను," అంటూ ఆవిడ కుండలో మజ్జిగ తెచ్చి ఆరాధన మొహం తనే తుడిచింది.

ఇంజను తీరిగ్గా చల్లబడింది. ఆయిల్ చూస్తే కడ్డీకి అంటీ అంటనట్టుంది. డొప్ప విప్పాల్సొస్తుందన్న బద్ధకంతో నేను ఆయిలే చూడలేదు. వెంకటరావమ్మ భర్త బుల్లయ్య తన బండికోసం తెచ్చిపెట్టుకున్న డబ్బా ఇచ్చాడు. డొప్పలు అక్కడే వదిలేసి బయల్దేరాం. ఇంజను, గొలుసు, నా సన్నటి కాలు అన్నీ బయటే. కాళ్లకి చల్లగా గాలి తగులుతోంది. అంత సుఖంగా ఆ బండి మీద నేనెప్పుడూ కూర్చోలేదు.

చర్చి దగ్గర అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. ఆలస్యం ఒకటి, పెళ్లికూతురి కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉండటం ఒకటి. పెళ్లికొడుకు అనిల్ కుమార్ మొహంలో రక్తం లేదు. పాస్టరుగారు మామూలుగా అడగాల్సిన మాట అడిగారు.

"ఇతన్ని ఇష్టపూర్వకంగా నీ భర్తగా అంగీకరిస్తున్నావా అమ్మా?"

జవాబుకి బదులు ఆరాధన కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. పాస్టరుగారు బైబిలు మూసి మెల్లగా, "ఎవరైనా బలవంతం చేశారా తల్లీ?" అన్నారు.

"లేదండీ," అని ఆరాధన పెద్దగా ఒక తుమ్ము తుమ్మింది. "నాకు బాగా ఇష్టం. ఇది మిరపకాయ ఘాటు. మా మావయ్య బండి..."

చర్చంతా నావైపు తిరిగింది. నేను అడుగు కరిగిన నా బూటు వైపు చూసుకున్నాను. ముందుగా నవ్వింది అనిల్ కుమార్. తర్వాత పాస్టరుగారు, ఆ వెంటనే మా అక్క, ఆఖరికి నేను.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో రెబ్కా వెనక సీట్లో కాళ్లు చాపుకుని కునుకు తీసింది. కందిచేలు దాటాక వేపచెట్టు నీడలో బండి ఆపాను. కుదుపుకి లేచి, "మళ్లీ చచ్చిందా?" అంది.

"లేదు, నేనే ఆపాను. కాసేపు చల్లబడనీ."

రెబ్కా దిగి వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చుంది. సంచిలోంచి పెళ్లి కేకు ముక్క తీసి సగం నాకిచ్చింది. ఎదురుగా రోడ్డు మీద పోయేవాళ్లు ముందు నా కాలు, తర్వాత చక్రాలు చూస్తూనే ఉన్నారు. నేను కేకు తిన్నాను.