ఏ మందో పేరు చెప్పు

పంపుగది తలుపు తోసుకుని మనిషి పాక్కుంటూ బయటికొచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, ఊపిరి ఈల వేస్తోంది, వెనకాల ఆకుపచ్చటి పొగ. అప్పుడు ఆ ఈతకొలను మేనేజరు ఏమన్నాడో తెలుసా? "ముందా తలుపు మూసి చావండి, మెంబర్లకి వాసనొస్తుంది!" అన్నాడు. మనిషిని లేపమని మాత్రం అనలేదు మహానుభావుడు! తువ్వాళ్లు ఉతికే అక్క ఆ మాట చెవులారా విన్నది. బుట్ట అవతల పారేసి, చంకల కింద చేతులేసి మనిషిని ఈడ్చుకొచ్చింది.

అతన్ని అందరూ పంపుతమ్ముడంటారు. ఆస్పత్రిలో పడ్డాడు, ఊపిరితిత్తులు కాలాయన్నారు డాక్టర్లు. వైద్యం కొలను నడిపే కంపెనీయే చేయించాలని, నష్టపరిహారం ఇవ్వాలని అతని భార్య కేసు వేసింది. సాక్షి అక్క ఒక్కతే.

విచారణలో కంపెనీ లాయరు తేనె పూసిన గొంతుతో అడిగాడు.

"దగ్గరికెళ్లగానే ఏం తెలిసిందమ్మా?"

"మందు వాసన గుప్పుమందండి."

"మందు ఎక్కువైందంటావు?"

"ఎక్కువైతేనే కదండీ మనిషి పడిపోయింది!"

"చాలమ్మా, వెళ్లి కూర్చో."

అంతే, గొయ్యి తవ్వేశాడు! పనిలో తాగి పడిపోయాడట. తాగినోడికి పరిహారమేంటట. విచారిస్తున్న కార్మిక అధికారి తలూపి, తీర్పు వచ్చే వారం అన్నాడు. "అయ్యో, నేనన్నది తాగే మందు కాదు బాబూ, నీళ్లలో వేసే మందు!" అని అక్క మొత్తుకుంది. ఎవడు వింటాడు? తెల్ల డ్రమ్ములో పొడీ మందే, నీలం క్యానులో ద్రవమూ మందే. అక్కడ పనిచేసే వాళ్లెవరికీ వేరే పేరు తెలీదు.

మర్నాడే మేనేజరు ఆమెని ఉతుకుడు పని మాన్పించి, ఫ్యాను కింద టోకెన్లు ఇచ్చే కుర్చీలో కూర్చోబెట్టాడు. అడక్కుండా చేసిన ఆ మేలు చూసి అక్కకి ఒళ్లు మండింది. మిగతా పనివాళ్లకి అనుమానం రాజుకుంది. ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. పనివాళ్ల మీటింగు ఎక్కడో కూడా ఆమెకి చెప్పలేదు. కనుక్కుని తనే వెళ్లింది, పంపుతమ్ముడి ఒంటిగది ఇంటికి.

"రా వదినా, రా!" అంది పంపుతమ్ముడి భార్య. "ఫ్యాను గాలి చల్లగా తగులుతోందా? నా మొగుడు గాలి అందక కొట్టుకుంటున్నాడు!"

"నేను అమ్ముడుపోలేదే తల్లీ! నోరు జారాను."

"నోరు జారితే కుర్చీ దొరుకుతుందా?" అన్నాడు ఈత మాస్టారు. "మేనేజరుతో ఏం మాట్లాడుకున్నావో చెప్పు. మందు అని ఎందుకన్నావసలు?"

"మరి ఏమనాలి? మీరేమంటారు మాస్టారూ? రోజూ పొద్దున కొలనులో దిగేముందు పంపుగదివైపు తిరిగి ఏమని అరుస్తారు?"

మాస్టారు నాలిక్కరుచుకున్నాడు. 'మందు పడిందా తమ్ముడూ' అని అరుస్తాడు మరి! ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో గదిలో బిగువు కాస్త సడలింది.

"ఆ మాట మనకి నేర్పిందెవరు?" అక్క గొంతు లేచింది. "డబ్బాల మీద కాగితాలు చింపించి, ఇది నీళ్లకి మందు, అదీ మందే, రెండూ ఒకే బకెట్లో కలిపి పొయ్యండి, పని తెములుతుంది అన్నదెవడు? నన్ను అనుమానించండి, పడతాను. వాణ్ని ఇన్నాళ్లు ఎందుకు అనుమానించలేదు మనం?"

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఆ మందుల పేర్లు మేనేజరు చెప్పేదాకా ఎవరూ డబ్బా ముట్టుకోకూడదనుకున్నారు.

తీర్పు రోజు వచ్చేసరికి కొలను పాచిరంగుకి తిరిగింది. పనివాళ్లంతా పంపుగది ముందు బైఠాయించారు. ఈత మాస్టారు మరో ఇద్దరితో వెళ్లి కార్మిక అధికారిని బతిమాలో బెదిరించో వెంటబెట్టుకొచ్చాడు. పిల్లల్ని ఈతకి తెచ్చిన తల్లులు గేటు దగ్గర గుమిగూడారు.

"మందు వెయ్యండి!" మేనేజరు అరిచాడు.

"ఏ మందు? పేరు చెప్పు!" అంది అక్క.

"మందంటే మందే!"

"పేరు చెప్పు!" అన్నారు అందరూ.

అధికారిని చూసి మేనేజరు మాట మార్చబోయాడు. ఇంతలో గేటు దగ్గర ఒక తల్లి ముందుకు తోసుకొచ్చింది. "అయ్యో, మా పిల్లలు దిగే నీళ్లలో ఏం పోస్తున్నారండీ?"

మెంబరు అడిగితే చెప్పక చస్తాడా? "కంగారు పడకండి మేడమ్! క్లోరిన్ పొడి, యాసిడు. అన్నిచోట్లా వేసేవే!"

"విన్నారా సారూ?" అక్క అధికారి వైపు తిరిగింది. "ఆ రెండూ ఒకే బకెట్లో కలపమంది ఎవరో కూడా అడగండి!"

"రెండూ కలిస్తే విషవాయువేగా! కలపమంది ఎవరయ్యా?" అన్నాడు అధికారి, తప్పనిసరై.

మేనేజరు గేటు వైపు చూశాడు. అతను ముందే కబురంపిన పోలీసులు వచ్చారు. గుంపుని రెచ్చగొట్టిందని అక్క రెక్క పట్టుకుని జీపెక్కించారు. పనివాళ్లు లేవబోయారు.

"ఎవరూ లేవకండి!" అంటూ పంపుతమ్ముడి భార్య వచ్చి, అక్క లేచిన చోటే చతికిలబడింది. "మా వదిన్ని తీసుకుపోతే పొండి. నేనున్నాను. ఎవరు కలపమన్నారో చెప్పు మేనేజరూ!"