చూడకుండా తిప్పేది

ఆదివారం పొద్దున్నే కారు తెర తుడవడం నా పని. కొత్త ఎలక్ట్రిక్ కారుతో పాటే ఆ పని కూడా ఇంటికొచ్చింది. నడపడం మావారికి, తుడవడం నాకు. ముందు భాగమంతా ఒకటే పెద్ద టచ్‌స్క్రీన్, ఒక్క బటన్ ఉండదు. ఏసీ పెంచాలన్నా, అద్దానికి పట్టిన ఆవిరి పోగొట్టాలన్నా ఆ తెర మీదే వేలితో వెతుక్కోవాలి. వారం తిరిగేసరికి ఇంటిల్లిపాది వేలిముద్రలూ దాని మీదే. "ఎంత నీటుగా ఉందో చూడు!" అని ఆయన మురిసిపోతారు. ఆ నీటు సంగతి నా చేతిలో గుడ్డనడగాలి.

ఇందులో తమాషా ఏమిటంటే, నా ఉద్యోగమే కార్లకు నొక్కే బటన్లూ, తిప్పే నాబ్‌లూ డిజైన్ చేయడం. ఆ కారు మా కంపెనీది కాదు లెండి. మా కొత్త కారులో ఆవిరి పోగొట్టే నాబ్ మీద నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. "ఒక్క నాబ్‌కి నాలుగేళ్లా? ఈలోగా పిల్లాడు పుట్టి బడికి కూడా వెళ్లిపోతాడు," అని మావారు చుట్టాల ముందు జోకు వేస్తే అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్వినందుకు తర్వాత నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆ నాబ్ నాకు వంటింట్లోనే తట్టింది. ఒకరోజు ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, పాప హోంవర్క్‌లో తప్పులు చూస్తూ, కుడిచేత్తో స్టవ్ సిమ్‌లో పెట్టాను. స్టవ్ వైపు చూడనే లేదు. ఇన్నేళ్ల చాకిరీలో నా చేతికి కళ్లొచ్చాయి. బండి నడిపే మనిషికి కావలసింది కూడా అదే కదా అనిపించింది. కళ్లు రోడ్డు మీద ఉంచి, పని చేతికి అప్పజెప్పాలి. కర్రతో నమూనాలు చేయించి భోజనాల బల్ల మీద పరిచాను. "ఇల్లు వదిలేసి ఈ మరల గోలేమిటో," అని రోజూ సణిగే అత్తగారే ఒకరోజు కీళ్లనొప్పుల బొటనవేలితో ఒకటి తిప్పి చూశారు. "జారిపోతోందే అమ్మాయ్. గాడి ఇంకాస్త లోతుండాలి," అన్నారు. అర మిల్లీమీటరు పెంచాను. అది ఆవిడ చెప్పిందేనని నోట్సులో రాసుకున్నాను.

పోయిన నెల మా డిజైన్ హెడ్ ఆ నాబ్ తీసేయమన్నారు. "తెర చాలమ్మా. షోరూంలో నమూనా తెర చూసినవాళ్లు ఒక్కరు కూడా ఇబ్బందని చెప్పలేదు." షోరూంలో కారు నడవదు మరి. మావాళ్లు పరీక్షలన్నీ ఆగి ఉన్న కారులో కూర్చుని, కాఫీ తాగుతూ చేస్తారు. నాలుగేళ్ల పని ఒక్క మాటతో చెత్తబుట్టలో పడబోతోంది. "ట్రాక్ మీద ఒక్కసారి మీరే నడపండి సార్. తెరతో ఇబ్బంది లేదని మీకే అనిపిస్తే ఈ ఫైలు నేనే మూసేస్తాను," అన్నాను.

ఇవాళ నడిపారు. నీళ్లు చిమ్మే ట్రాక్, గంటకు అరవై కిలోమీటర్ల వేగం, పక్క సీట్లో నేను. అద్దానికి ఆవిరి పట్టింది. ఆయన తెర మీద ఒక పేజీ తెరిచారు, అది కాదు, ఇంకోటి, మళ్లీ వెనక్కి. చూపుని కనిపెట్టే కెమెరా, ఆయన కళ్లు తొమ్మిది సెకన్లు తెర మీదే ఉన్నాయని తేల్చింది.

"నూటయాభై మీటర్లు రోడ్డు చూడకుండా నడిపారు సార్."

ఆయన దిగి రెండో కారెక్కారు. అందులో నా నాబ్ ఉంది. మళ్లీ అద్దానికి ఆవిరి పట్టగానే చెయ్యి జాపారు, తిప్పారు, టక్కుమంది. అద్దం తేటపడింది. చూపు రోడ్డు మీంచి కదల్లేదు. ఆ టక్కు ఎంత మెత్తగా పలకాలో తేల్చుకోవడానికే నాకు ఏడు నెలలు పట్టింది. గర్వంతో నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఎందుకు దాచుకోవాలి?

"సరే, నాబ్ ఉంటుంది," అన్నారు హెడ్ కారు దిగుతూ. "మొత్తానికి మనం సాధించాం! సాయంత్రం డైరెక్టర్లకి నేను వివరిస్తాను. నువ్వు పక్కన కూర్చుని స్లైడ్లు మార్చు."

ఈ "మనం" నాకు కొత్త కాదు. మనం పదిమందికి భోజనాలు పెట్టాం, మనం అమ్మకి ఆపరేషన్ చేయించాం, అని మావారు చెబుతుంటే గిన్నెలు సర్దుతూ, మందులు అందిస్తూ వింటూనే ఉన్నాను. ఎప్పుడూ సరిదిద్దలేదు.

"స్లైడ్లు మీరు మార్చండి సార్," అన్నాను. "మాట్లాడేది నేను."