వేడి చేసిందన్న పైడమ్మ

నేను ఒక ప్లాస్టిక్ కొలత జగ్గును. నాతోపాటు అచ్చులోంచి ఊడిపడ్డవాళ్ళు జ్యూసు కొట్లకు పోయారు. నేను విజయనగరంలో ఒక ఆసుపత్రికి వచ్చాను. మూత్రం కొలవడం నా ఉద్యోగం. మూతి విరవకండి, మీలో పోయనివాళ్ళెవరు?

మనుషులు నొప్పి అంటారు, నీరసం అంటారు. మూత్రం ఆగడం లేదని మాత్రం చచ్చినా అనరు. పైడమ్మ కూడా "వేడి చేసిందమ్మా" అనే వచ్చింది. ఆవిడ కోలాటం జట్టుకు గురువు. ఆ మాట నమ్మి ఇదివరకు చూసినవాళ్ళు మంటకు మందులిచ్చారు, ఇంట్లోవాళ్ళు సబ్జా నీళ్ళు తాగించారు. తిప్పలు రెట్టింపయ్యాయి. ఎగిరితే చీర తడుస్తోందని, మోకాళ్ళ నొప్పి వంక పెట్టి ఆవిడ ఆటే మానేసింది. గురువు లేక జట్టు చెదిరిపోతోంది.

నాలో పోసింది పరీక్షకు పంపితే ఏ దోషమూ తేలలేదు. డాక్టర్ సునయన అడిగింది: "మంటగా ఉంటుందా?"

"నేదమ్మా."

"మరి, దగ్గితే తడిసిపోతోందా?"

పైడమ్మ బావురుమంది. "మీకెలాగ తెలిసిపోనాదమ్మా?"

నీళ్ళు తాగించి, ఒంటికి వచ్చాక దగ్గమన్నారు. దగ్గింది. తడిసింది.

"ఇది వేడి కాదమ్మా. కాన్పులతో కింది కండరాలు వదులయ్యాయి. వాటిని బిగించే వ్యాయామం చేస్తే చాలామందికి తగ్గుతుంది" అంది డాక్టరు. ఎంత తాగుతోందో, ఎంత పోస్తోందో చూసుకోమని నన్నూ వెంట పంపింది. ఇంట్లో అత్తగారు "మజ్జిగకి బాగుందే!" అని నన్ను అందుకోబోతే పైడమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆవిడ పట్టు వదల్లేదు. అన్నం వండుతూ బిగించింది, బట్టలు ఆరేస్తూ బిగించింది. కొన్ని నెలలకు నన్ను తీసుకుని ఆసుపత్రికి తిరిగొచ్చింది. నిండుగా నీళ్ళు తాగి దగ్గింది. ఇంకా గట్టిగా దగ్గింది. అక్కడే కోలాటం అడుగు వేసి ఎగిరింది. చుక్క పడలేదు! నాకు గంతులేయాలనిపించింది, కాళ్ళు లేవు గానీ.

పైడమ్మ తలుపు బార్లా తీసి, వరండాలో కొంగులు సర్దుకుంటూ కూచున్న ఆడవాళ్ళందరికీ వినబడేలా అరిచింది: "అమ్మలారా! నాకు ఉచ్చ ఆగీది కాదు. ఇప్పుడాగుతంది!"

వరండాలో కొంగులు నోళ్ళకు అడ్డం పడ్డాయి. చివరి బెంచీ మీంచి ఒక పెద్దావిడ లేచి, "నాకూ అంతే తల్లీ" అంది. పక్కావిడ చెయ్యెత్తింది, ఆ పక్కావిడ కూడా. ఆ రోజంతా నాకు ఊపిరి సలపలేదు.