మామయ్య విప్పే చక్రం

మా మామగారు గవర్రాజు గారు బేసిన్లో ట్యూబు ముంచి ఎక్కడ బుడగలొస్తాయా అని చూస్తున్నారు. ఆయన పోయి పదకొండేళ్లయిందని నాకు గుర్తుంది, అయినా వింతగా ఏమీ లేదు, పంక్చరు అతికించే సొల్యూషన్ వాసనా ఆయన చుట్ట వాసనా కలిసి ప్రాణానికి హాయిగా ఉంది. ఇది మా సైకిల్ షాపే, కాని గచ్చు మెల్లగా కదులుతోంది, వెనక గోడ ఉండాల్సిన చోట గోదావరి ఉంది, మేం సఖినేటిపల్లి రేవుకి జనాన్ని దాటించే పంటు మీద ఉన్నాం.

నా చేతిలోకి చక్రం ఎప్పుడొచ్చిందో తెలీదు. ఆయన నేర్పిన వరసలోనే టైరు లోపల వేలు తిప్పి ముల్లేమైనా మిగిలిందేమో చూస్తాను, ట్యూబు గుండ్రంగా నిలబడేంత గాలి మాత్రమే కొట్టి లోపల సర్దుతాను, వాల్వుకి ఎదుటి వైపు మొదలుపెట్టి బొటనవేళ్లతో టైరు అంచు రిమ్ములోకి నొక్కుకుంటూ వస్తాను. చివరి జానెడు మొండికేస్తుంది. చేతకానివాళ్లు అక్కడే స్క్రూడ్రైవరు అందుకుని ట్యూబుని చంపుతారు. నేను అరచేతులతోనే ఎక్కించి, వాల్వు నిటారుగా ఉందని చూసుకుని ఆయనకిస్తాను. ఆయన వాల్వు నట్టు వదులు చేసి, గాలి తీసేసి, మొత్తం విప్పేస్తారు.

ఇరవై ఏళ్లు ఇదే తంతు. ఆయన బతికుండగా నోరెత్తని దాన్ని, ఇప్పుడు ఒళ్లు మండి అడుగుతాను.

"నేనెక్కించిన చక్రం ఒక్కటైనా విప్పకుండా వదిలారా మామయ్యా?"

"లేదమ్మాయ్."

"ఏం తప్పు దొరికేది?"

"మొదట్లో దొరికేది. ట్యూబు టైరు అంచు కింద పడి నలిగేది. ఏడాది పోయాక ఏం దొరకలేదు."

"మరెందుకు విప్పడం?"

ఆయన నీళ్లకేసి చూస్తారు. "చెయ్యి ఊరుకునేది కాదు. విప్పి, బానే ఉందనుకుని, మళ్లీ నువ్వు చేసినట్టే ఎక్కించేసేవోణ్ణి. బాగా చేశావని ఓ ముక్క అనుండాల్సింది. రేపందాంలే అనుకునేవోణ్ణి."

ఆ ఒక్క ముక్క కోసమే ఇరవై ఏళ్లు కాచుకున్నాను. కోపం ఎటు పోయిందో, ఆయన మీద బెంగ ముంచుకొస్తుంది.

"ఇప్పుడనొచ్చుగా" అంటాను.

ఆయన నోరు తెరుస్తారు, అంతలో పంటు రేవుకి తగులుతుంది, జనం సైకిళ్లు దింపుకుంటూ మా మధ్యలోంచే నడుస్తారు, ఆయన పెదాలు కదలడం కనబడుతుంది గాని ఎక్కడో గాలి పోతున్న చప్పుడు తప్ప నాకింకేమీ వినబడదు.

మెలకువొచ్చింది. మధ్యాహ్నం, షాపులో బల్ల మీద కూర్చునే కునుకు తీశాను. పొద్దున మా కోడలు సునంద టైరెక్కించిన చక్రం నా మోకాళ్లకి ఆనించి ఉంది, దాని వాల్వు నట్టు నా వేళ్ల మధ్య సగం వదులై బుస్సుమంటోంది.

సునంద నా చేతులకేసే చూస్తోంది.

"ఏం తేడా వచ్చిందత్తయ్యా?"

గబగబా నట్టు బిగించాను.

"ఏం రాలేదే. బాగా ఎక్కించావు. పంపు ఇలా ఇవ్వు, పోయిన గాలి నేను కొడతాను."