గోడౌనుకి ఫోను

ఆఫీసులో ఆమెను అందరూ పిండి మేడం అంటారు. పసిపిల్లల అంగన్‌వాడీ కేంద్రాలకు బలమిచ్చే పిండి పంపించే పని ఆమెది. ఆ పేరు అలా అంటుకుంది, ఆమె కూడా వదిలించుకోలేదు. పొద్దున్నే, చేతిసంచి ఇంకా భుజాన ఉండగానే, గోడౌనుకి ఫోను చేసేది.

"పిండి ఉందాండీ?"

గోడౌను చూసే ఆయన "ఉందండీ" అంటే నిజంగా ఉందని. "ఉంది లెండి" అంటే అడుగంటుతోందని, లారీ తొందరగా పంపమని. ఆ తేడా ఆమెకొక్కదానికే తెలుసు. ఆ తర్వాత ఆయన అక్కడ వాన పడిందో లేదో చెప్పేవాడు, ఈమె తన దగ్గు తగ్గిందో లేదో చెప్పేది. అంతే. ఇన్నేళ్లలో ముఖాలు చూసుకున్నది లేదు. ఆయన భార్య పోయిందని మాటల్లో తెలిసింది. ఈమెకు పెళ్లి కాలేదని ఆయనకెలా తెలిసిందో మరి, ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేవాడు కాదు.

ఇంట్లో అక్క ఊరుకునే రకం కాదు. "ఏమేవ్, మీ గోడౌను ఆయన ఏమన్నారు ఇవాళ?" అని కూరలు తరుగుతూ అడిగేది.

"పిండి ఉందన్నారు."

"ఆ మాటకే మొహం అంత వెలిగిపోవాలా?"

బావ పేపరు చాటున నవ్వుకునేవాడు.

ఒకసారి ఈమె జ్వరంతో మంచం ఎక్కింది. పిండి అయిపోవచ్చిందని ఆయన చేసిన ఫోను ఖాళీ కుర్చీ ముందు మోగి మోగి ఆగిపోయింది. ఆ గోడౌను కిందికొచ్చే కొండవైపు కేంద్రాల్లో పిల్లలు ఖాళీ గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చున్నారని తెలిసి ఆమెకు అన్నం సయించలేదు. మనిషి మంచాన పడితే ఆగిపోయేది ఏం ఆఫీసు?

అందుకే పైవాళ్లు కొత్త కంప్యూటరు పద్ధతి తెస్తామంటే మొదట చెయ్యెత్తింది ఆమే. ప్రతి గోడౌనులోనూ సాయంత్రం స్టాకు లెక్క ఎక్కిస్తే చాలు, తగ్గిన చోటికి లారీ దానంతటదే ఖాయమవుతుంది. ఎవరూ ఎవరికీ ఫోను చేయనక్కర్లేదు. శిక్షణ తరగతిలో ఆ చివరి మాట తనే బోర్డు మీద రాసింది. రాసి, సుద్దముక్క పట్టుకుని కాసేపలాగే నిలబడిపోయింది.

ఆ తరగతికి ఆయనా వచ్చాడు. ఆ గొంతుకి మనిషి పొడవుగా ఉంటాడనుకుంది, తీరా చూస్తే పొట్టి. అది ఆమెకు ఎందుకో చాలా నచ్చింది. అందరికంటే ముందు నేర్చుకుని, పక్కవాళ్లకు కూడా చెప్పాడు. వెళ్లేముందు ఒకే ఒక్కటి అడిగాడు.

"ఇక ఫోను అక్కర్లేదా మేడం?"

"అక్కర్లేదండీ" అంది, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ.

ఆ తర్వాత పొద్దుటి పూటలన్నీ చప్పబడిపోయాయి. చెయ్యి అలవాటుగా ఫోను మీదికి పోయేది, వెనక్కి తీసుకునేది. తెర మీద అంకె ఉండేది. అక్కడ వాన పడిందో లేదో అంకె చెప్పదు కదా. ఆ గొంతు కోసం ప్రాణం కొట్టుకుపోయేది. నలభై దాటినదానివి, నీకిదేం పిచ్చే అని తనను తానే తిట్టుకునేది.

ఒకరోజు ఆ గోడౌను అంకె చూసి ఉలిక్కిపడింది. బస్తాల గడిలో కిలోలు ఎక్కించాడు! వెంటనే ఫోను చేసింది. "అయ్యో, పొరపాటండీ" అన్నాడు, ఇక్కడ ముసురు పట్టిందన్నాడు. ఆ రోజంతా ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. కొద్దిరోజులకు మళ్లీ అదే తప్పు. ఇంకోసారి కూడా అదే. దిద్దించడానికి ఫోను చేయడం, కాసేపు మాట్లాడుకోవడం. ఆమెకు అనుమానం రాకపోలేదు, కానీ దాన్ని పైకి రానివ్వలేదు.

తర్వాతిసారి మాత్రం కొంప మునిగినంత పనయింది. అక్కడ కొండంత పిండి ఉందనుకుని కంప్యూటరు లారీని వేరే ఊరికి మళ్లించింది. బండి ఆఫీసు గేటు దాటుతుంటే ఆమె పరుగెత్తుకెళ్లి ఆపింది. ఆయాసపడుతూనే ఫోను అందుకుంది.

"మీకు బస్తాకీ కిలోకీ తేడా తెలీదా?"

అవతల ఆయన గొంతు తగ్గించాడు.

"తెలుసండీ. తప్పు రాస్తేనే కదా మీరు ఫోను చేసేది."

అది ఆమె ఎన్నేళ్లుగానో వినాలనుకున్న మాట. తీరా ఆ మాట పసిపిల్లల నోటి దగ్గర కూడు లాక్కునా రావాలి? కోపమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"లారీ వెళ్లిపోయుంటే ఆ పిల్లలేం తినేవాళ్లు?"

"బుద్ధి గడ్డి తిందండీ. అంతదూరం ఆలోచించలేదు."

"ఇంకెప్పుడూ అలా రాయకండి" అని ఠక్కున పెట్టేసింది. అసలు చెప్పాల్సింది చెప్పనేలేదని పెట్టేశాక గానీ తోచలేదు.

మర్నాడు అంకె సరిగ్గా ఉంది. ఆ తర్వాతా అంతే. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ఈమెకు మాత్రం ముద్ద దిగేది కాదు. అక్క కూడా అడగడం మానేసింది, అదింకా బాధగా ఉంది.

నెల తిరిగేసరికి కొండవైపు కేంద్రాలన్నిటికీ పిండి చేరినట్టు తెర మీద కనిపించింది. ఒక్కచోట కూడా కొరత లేదు. ఆమె తెరవంకే చూస్తూ కూర్చుంది. అడగడానికి ఏమీ మిగల్లేదు. అయినా ఫోను చేసింది.

ఒక్క రింగుకే ఎత్తాడు. "మేడం, మళ్లీ తప్పొచ్చిందా? రెండుసార్లు చూసుకునే ఎక్కించానండీ, ఒట్టు."

"ఏ తప్పూ లేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి" అంది. "అందుకే చేశాను."