పదో మడత

నా జెర్సీ కుడి చెయ్యి ఈ ఉదయం వంటింటి కిటికీలోంచి బయటికి వెళ్ళి, ఎదురింటి గోడ దాటి, గుంతకల్లు స్టేషన్ రెండో ప్లాట్‌ఫారం మీద ముగుస్తోంది. ఎడమ చెయ్యి కొంచెం పొట్టి. అది పాలకేంద్రం దగ్గరే ఆగిపోతోంది.

నేను బొరుగుల ఉగ్గాని తింటున్నాను. చేతులు బట్ట లోపలే ఉన్నాయి కాబట్టి చెమ్చాను బట్టతో కలిపి పట్టుకుంటున్నాను. ఇది అలవాటే.

జెర్సీ వయసు పదేళ్ళు. ఆ ఏడు ఆడపిల్లల హాకీ లీగ్‌కి ఎంపిక జరిగినప్పుడు అందరికంటే ముందు పిలిచిన పేరు నాది. సునంద, డిఫెండర్, పంతొమ్మిదేళ్ళు. లీగ్‌లో ఒక పద్ధతి ఉంది. కొత్త పిల్లకి జెర్సీని ఒంటి కొలతకి కుట్టరు. ఆ రోజు ఆమె గురించి ఎన్ని మాటలు చెప్తారో ఆ మాటల కొలతకి కుడతారు. నా గురించి చాలా చెప్పారు. గోడ అన్నారు. పదేళ్ళపాటు ఈ పిల్లని దాటి బంతి పోదన్నారు. ఒక పత్రిక కోట అని రాస్తే, మర్నాడు ఇంకో పత్రిక ఆ కోటకి బురుజులు కూడా కలిపింది. మొత్తం ఆరొందల మీటర్ల బట్ట పట్టింది.

కుట్టింది మా వీధి టైలరు మస్తాన్ మామ. బడికెళ్ళే పిల్లల లంగాలకి ఏం చేస్తాడో దీనికీ అదే చేశాడు. మిగులు బట్టని లోపలికి మడిచి కుట్టాడు. "పెరిగే పిల్లవి పాపా. పది మడతలు పెట్టినా. ఏటికొకటి విప్పుకుందాం" అన్నాడు.

ప్రతి సీజను ముందూ అతను బ్లేడుతో దారం తెంపి ఒక మడత విప్పుతాడు. నేను అద్దం ముందు నిలబడి, నేనూ అంత పెరిగి ఉంటానని చూసుకుంటాను. మూడో ఏడు మోకాలు మెలిపడి సీజనంతా బెంచీ మీద కూర్చున్నాను. అయినా మడత విప్పారు. ఐదో ఏడు నన్ను దాటి పదకొండు గోల్స్ పడ్డాయి. అప్పుడూ విప్పారు. నేను బాగానే ఆడతాను. బాగా ఆడేవాళ్ళు ఎలా ఆడతారో అలా ఆడతాను. దాన్ని కోట అని ఎవరూ అనరు.

ఈ రోజు కొలతల రోజు. జెర్సీకి పదేళ్ళు నిండితే కొలుస్తారు. పదింటికి గ్రౌండుకి కొలతల అధికారి వస్తారు. జెర్సీ చెయ్యి మణికట్టు దాటి వేలెడు కంటే ఎక్కువ వేలాడితే, ఎంపిక రోజు చెప్పినవన్నీ అబద్ధాలని తేలుస్తారు. అప్పుడు నన్ను ఎంచినవాళ్ళు సెంటర్ లైన్ మీద నిలబడి ఒక్కొక్క మాటా వెనక్కి తీసుకోవాలి.

నన్ను ఎంచింది ఓబులేసు సార్. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. నాకు స్టిక్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. కిందటేడు వేరే జట్టు సార్ ఒకాయన అలా మాటలు వెనక్కి తీసుకోవడం చూశాను. మాట మాటకీ ఆయన ముఖం కొంచెం కొంచెం చెరిగిపోయింది. ఇప్పుడు ఆయన్ని ఇంట్లోవాళ్ళు చెప్పుల్ని బట్టి గుర్తుపడుతున్నారు.

నేను చెమ్చా కింద పెట్టి మస్తాన్ మామ షాపుకి బయల్దేరతాను. జెర్సీ నా వెనక వస్తుంది. చెయ్యి రోడ్డుకి అడ్డంగా సాగుతుంటే, రైల్వే గేటు పడిందనుకుని ఆటోలు ఆగుతాయి. ఎవరూ హారన్ కొట్టరు. ఒకాయన ఇంజను కూడా ఆపేస్తాడు.

"కత్తెర తియ్యి మామా. మణికట్టు దగ్గర కోసెయ్యి" అంటాను.

మస్తాన్ మామ పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని ఉన్నాడు. వాటి సందుల్లోంచి మాట్లాడతాడు. "ఎందుకు?"

"నాకు పెద్దదైంది."

"అది ఎప్పుడూ పెద్దదే కదా. ఇప్పుడు కొత్తేముండాది?"

"పదింటికి కొలతలవాళ్ళు వస్తారు."

"రానీ. వాళ్ళ టేపూ నా టేపూ ఒకే షాపులోవే. చేతులు చాచు పాపా."

నేను చేతులు చాస్తాను. నాకు ఏడేళ్ళప్పటి నుంచీ అతను ఆ మాట అనగానే నా చేతులు వాటంతట అవే లేస్తాయి. టేపు భుజానికి చల్లగా తగులుతుంది. ఎంత వచ్చిందో అతను ఎన్నడూ చెప్పడు. చెవి వెనక సుద్దముక్క తీసి బల్లమీద ఏదో గీసుకుంటాడు.

"తొమ్మిది విప్పినాం. పదోది యాడుందో తెలుసా?"

"చేతుల్లోనే ఎక్కడో."

"కాదు. మెడ వెనకాల. నీ చేతికీ అందదు, నీ కంటికీ అందదు. దాన్ని షాపులో విప్పకూడదు. గ్రౌండులోనే విప్పాల."

"మామా, కోసెయ్యరాదా. సార్ ముఖం పోతుంది."

"కుట్టినోడే కోస్తే ఇంక బట్ట ఎవర్ని నమ్మల్లమ్మా?" అని, బ్లేడు జేబులో వేసుకుని, షాపుకి తాళం పెట్టి నాతో వస్తాడు. దారిలో చెయ్యి బరువుగా ఉందేమోనని దాన్ని కొంత తన భుజం మీద వేసుకుంటాడు.

కొలతల రోజున గ్రౌండు పొడుగవుతుంది. ఈ గోల్‌పోస్టు నుంచి ఆ గోల్‌పోస్టుకి నడవడానికి అరగంట పడుతోంది. సరిగ్గా మధ్యలో స్టీలు కుర్చీ వేసుకుని, గొడుగు కింద ఓబులేసు సార్ కూర్చుని ఉన్నారు. గార్డు తెల్లబట్టలు తొడుక్కున్నారు. ఒడిలో పచ్చజెండా, ఎర్రజెండా.

"తిన్నావా?" అంటారు.

"తిన్నా సార్. ఉగ్గాని."

"మిరపకాయ బజ్జీ?"

"ఒకటి."

"ఒకటంటే తిన్నట్టా?"

"సార్, నా వల్ల మీ ముఖం..."

"డెబ్బై నాలుగేండ్లు వాడిన ముఖం అది. కొంచెం చెరిగితే గడ్డం గీసుకునే పని తప్పుతుంది" అని నవ్వుతారు. కానీ పచ్చజెండా కర్రని ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నారో నాకు కనబడుతోంది. ఆ వేళ్ళని నేను చూడకుండా ఉండలేకపోతున్నాను. నా భయం నాలో లేదు, ఆ కర్ర మీద ఉంది.

కొలతల అధికారి వసుంధర గారు సరిగ్గా పదింటికి వస్తారు. కళ్ళద్దాలకి గొలుసు. నా మణికట్టు దగ్గర టేపు మొదలుపెట్టి, జెర్సీ చెయ్యి వెంట నడుచుకుంటూ వెళ్ళిపోతారు. చాలాసేపటికి ప్లాట్‌ఫారం టీ ఒకటి చేత్తో పట్టుకుని తిరిగి వస్తారు.

"స్టేషన్ దాకా ఖాళీ బట్టే" అని రాసుకుంటారు. తర్వాత నా వీపు వైపు వచ్చి ఆగుతారు. "ఇక్కడ ఖాళీగా లేదు. ఎవరో ఉన్నారు."

జెర్సీ వెనక భాగం ఎత్తి మా గోల్‌కీపర్ తబిత బయటికి వస్తుంది. కాళ్ళకి ప్యాడ్లు, చంకలో హెల్మెట్, చేతిలో టిఫిన్ డబ్బా.

"నువ్వు ఇందులో ఏం చేస్తున్నావు?" అంటారు వసుంధర గారు.

"ఉంటున్నా మేడమ్. పదేళ్ళయింది. ఎండ తగలదు."

"ఇది ఆమె జెర్సీ."

"నేను ఆమె వెనకే కదా మేడమ్ నిలబడేది. ఇంకెక్కడుండాల?"

నాకు ఈ సంగతి తెలీదు. వీపు మీద ఎప్పుడూ కొంచెం వెచ్చగా ఉంటుందని మాత్రం తెలుసు. అది చెమట అనుకున్నాను.

"ఏమే తబితా, ఒక్కసారైనా చెప్పలేదే?"

"చెప్తే నువ్వు కదలకుండా నిలబడతావక్కా. డిఫెండరు కదలకపోతే ఇంకేమన్నా ఉందా?"

వసుంధర గారు ఆలోచిస్తారు. "నిబంధనల్లో వీపు లేదు. చేతులే ఉన్నాయి" అని, సంచిలోంచి ఎంపిక రోజు మాటలన్నీ రాసిపెట్టిన పుస్తకం తీస్తారు. "ఓబులేసు గారూ, లేచి లైను మీదికి రండి."

సార్ లేస్తారు. గొడుగు మడిచి తబితకిస్తారు. లైను మీద గార్డులాగే నిటారుగా నిలబడతారు. మస్తాన్ మామ నోట్లోంచి సూదులు తీసి చొక్కాకి గుచ్చుకుంటాడు.

"గోడ" అని చదువుతారు వసుంధర గారు. "వెనక్కి తీసుకుంటున్నారా?"

"అది నేను అన్లేదమ్మా."

స్టేషన్ వైపు నుంచి జెర్సీ చెయ్యి ఒక్క కుదుపుతో లోపలికి జరుగుతుంది. నేను తూలి నిలదొక్కుకుంటాను.

"కోట."

"నేనన్లేదు."

చెయ్యి ఎదురింటి గోడ దాటి వెనక్కి వస్తుంది. దాని అంచుకి ఎవరిదో ప్లాట్‌ఫారం టికెట్టు అంటుకుని ఉంది.

"బురుజులు."

"అది ఎవరన్నారో వాళ్ళనే అడగండి."

"పదేళ్ళపాటు ఈ పిల్లని దాటి బంతి పోదు."

"అట్లా ఎవరన్నా అంటారామ్మా? బంతి అన్నాక పోతాది" అంటారు సార్, కొంచెం కోపంగా.

ఎడమ చెయ్యి కూడా పాలకేంద్రం వదిలి వచ్చేస్తుంది. తడిసి ఉంది. పాల వాసన. వసుంధర గారు పేజీలు తిప్పుతారు. సొంతదారు లేని మాటలన్నీ అయిపోయాక, చివరి పేజీలో పెన్సిలుతో రాసిన ఒక్క వాక్యం మిగులుతుంది. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని చదువుతారు.

"'ఈ పిల్ల బంతిని ఆపే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది.' ఇది?"

"ఇది నాదే" అంటారు సార్.

"ఇంతేనా?"

"ఇదే ఎక్కువమ్మా. ఇంత మాట అనేసినానే అని వారం రోజులు తిండి సయించలేదు. పంతొమ్మిదేండ్ల పిల్ల, బంతి మీదికొస్తుంటే, తన వెనక ఎవరుండారో చూసుకునేది. నేను నలభై ఏండ్లు రైలు చివరి డబ్బాలో నిలబడినోణ్ణి. వెనక్కి చూసేవాళ్ళు నాకు తెలుస్తారు."

పదేళ్ళుగా నేను ఆయన అనని మాటల్లోకి ఎదగాలని చూస్తున్నాను. ఆ పదేళ్ళూ వృథా అయ్యాయని ఇప్పుడు ఏడుపు రావాలి. నాలో అంతా వెతుకుతాను, అది లేదు. ఉన్నది వేరే. మే నెలలో అలవాటుగా కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చేశాయి, నా దగ్గర బిందె కూడా లేదు. అలా ఉంది.

"ఈ మాటని ఎక్కడ కొలవాలి?" అంటారు వసుంధర గారు.

"మెడ వెనక" అంటాడు మస్తాన్ మామ. బ్లేడు తీసి నా వెనక్కి వస్తాడు. పదో మడత దారం తెగుతున్న చప్పుడు చెవి దగ్గర వినబడుతుంది. కాలరు కొంచెం వదులవుతుంది. మనిషి మెడ తిప్పడానికి ఎంత కావాలో అంతే.

"చేతులు ఎంత వచ్చాయి?" అని సార్ అడుగుతారు.

"మణికట్టు దాటి వేలెడు" అంటారు వసుంధర గారు. "ఎక్కువ కాదు." పుస్తకం మూసి, చల్లారిన టీ తాగేస్తారు.

సార్ ముఖం అలాగే ఉంది. పైగా, నేను మరిచిపోయిన పుట్టుమచ్చ ఒకటి ఆయన ఎడమ చెంప మీద తిరిగి కనబడుతోంది. నాకు స్టిక్ పట్టుకోవడం నేర్పిన రోజున నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను, మాటలు వినకుండా.

"ఒక బజ్జీతో ఇంత దూరం వచ్చినావు" అని, ఆయన పచ్చజెండా ఎత్తి ఊపుతారు. గ్రౌండు రైలులా నెమ్మదిగా కదులుతుంది. సెంటర్ లైను, కుర్చీ, తబిత చేతిలో గొడుగు, అన్నీ ఒకే వేగంతో. ఎదురు జట్టు వైపు నుంచి తెల్లని బంతి ఒకటి నా మీదికి వస్తోంది. చాలా దూరంలో ఉంది. టైముంది.

నేను వెనక్కి తిరిగి చూస్తాను.

మా గోల్‌పోస్టు వలనిండా గిజిగాళ్ళు గూళ్ళు కట్టి ఉన్నాయి. వందల గూళ్ళు, గాలికి మెల్లగా ఊగుతున్నాయి. పదేళ్ళుగా బంతి తగలని చోటల్లా ఒక గూడు. బంతి తగిలి వల చిరిగిన చోట్లు వాటికి గుమ్మాలు. ఐదో ఏడు నన్ను దాటిపోయిన పదకొండూ గుర్తుపడతాను. అన్నిటికంటే పెద్ద గుమ్మాలు అవే. పిట్టలు వాటిలోంచే లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. ఆ పదకొండింటికీ తల వంచి నమస్కారం పెడతాను.

ఒక పిట్ట గుమ్మంలోంచి బయటికి వస్తుంది. ముక్కున గడ్డిపోచ లేదు. మెడ చుట్టూ టేపు ఉంది. అది నా వైపు ఎగిరివచ్చి భుజం మీద వాలుతుంది. నా చేతులు వాటంతట అవే లేస్తాయి. టేపు చల్లగా ఉంది. పిట్ట మెడ నుంచి భుజానికీ, భుజం నుంచి మణికట్టుకీ నడుస్తుంది. ఎంత వచ్చిందో చెప్పదు. తల పక్కకి వంచి, ఈ పెరిగే పిల్లకి లోపలికి ఎంత మడత పెట్టాలా అని ఆలోచిస్తుంది.