ముందు సిద్దమ్మ, తర్వాత సరళ

గౌడవెల్లి ఊరి సిద్దమ్మ నలభై దాటాక చదువు నేర్చుకుంది. నేర్పింది పద్మలత మేడం. షామీర్‌పేట దగ్గర ఒక యూనివర్సిటీలో ప్రొఫెసరు. ఏళ్ల తరబడి ఆదివారమాదివారం ఊరికొచ్చి ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించింది. ఆ పుణ్యం కాదనలేం. సిద్దమ్మ మాత్రం తక్కువ కష్టపడిందా? పొయ్యి పక్క గోడంతా బొగ్గుతో పేరు రాసి, మొగుడి చేత తిట్లు తిని మరీ నేర్చుకుంది. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల మహిళా సంఘాలన్నిటికీ కలిపి లీడర్ కావాలని ఆమె ఆశ. చదువు రానివాళ్లను లీడర్ చేయకూడదని సంఘం కట్టుబాటు.

అంతలో యూనివర్సిటీ వాళ్లు ఏళ్లుగా ప్రజాసేవ చేసిన సిబ్బందికి అవార్డులన్నారు. సేవకు ముందు జనం ఎట్లా ఉన్నారో, తర్వాత ఎట్లా మారారో స్టేజీ మీద చూపించాలట.

"ముందు నువ్వు రా సిద్దమ్మా, వేలిముద్ర వెయ్యి. తర్వాత సరళ వచ్చి సంతకం చేస్తుంది," అంది మేడం.

సరళ ఆ ఊరి కోడలే, సంఘంలో సభ్యురాలే. డిగ్రీ చదివింది, ఆ యూనివర్సిటీ ఆఫీసులోనే ఉద్యోగం. ఆమెకు మేడం నేర్పిందేముంది, నా బొంద!

"నాకు సంతకం వచ్చు గద మేడం. నేనే జేస్త."

"నిన్ను చూస్తే చదువు రాదంటే ఎవరైనా నమ్ముతారు. సరళైతే ఫొటోలో బాగుంటుంది. నా కోసం ఈ ఒక్క పూట చెయ్యలేవా?"

చదువు చెప్పిన మనిషి అడిగితే కాదనే నోరు సిద్దమ్మకు లేదు. స్టేజీ ఎక్కి వేలు ముంచింది. హాలంతా అయ్యో పాపం అంది. సరళ సంతకానికి చప్పట్లు, మేడంకు శాలువా. తెల్లారేసరికి ఆ వీడియో అన్ని ఊళ్ల ఫోన్లలో తిరిగింది.

వారం తిరక్కుండానే మేడ్చల్‌లో సంఘం మీటింగు. అవార్డు మేడమే ముఖ్య అతిథి. సిద్దమ్మ పేరు రాగానే పక్క ఊరామె లేచింది.

"ఏలిముద్ర గాళ్లను లీడర్ ఎట్ల జేస్తం? వీడియోల అందరం జూస్తిమి."

సిద్దమ్మ పెన్ను గుంజుకుని అందరి ముందూ సంతకం చేసింది.

"గా ఒక్క పేరు బట్టీ వట్టి వచ్చింది," అన్నారెవరో.

తోటి గౌడవెల్లి ఆడవాళ్లు తలలు దించుకున్నారు. మేడం ముందు వాళ్లకూ నోరు పెగల్లేదు, సిగ్గులేని జన్మలు.

"మేడం, మీరన్నా ఒక్క మాట జెప్పుండ్రి. నాకు సదువు నేర్పింది మీరే గద," అంది సిద్దమ్మ.

చెప్తే అవార్డు నాటకమని తేలిపోతుంది. మేడం శాలువా సర్దుకుని నవ్వింది.

"తొందరెందుకు సిద్దమ్మా? వచ్చే ఆదివారం అ ఆల నుంచి మళ్లీ మొదలుపెడదాం."

అందరూ నవ్వారు. సరళను లీడర్‌గా ఎన్నుకున్నారు. తీర్మానం మీద సభ్యులంతా సంతకాలు పెడుతూ వచ్చారు. సిద్దమ్మ వంతు రాగానే సరళ పెన్ను పక్కకు తీసి, సిరా ప్యాడ్ ముందుకు జరిపింది. సిద్దమ్మ మేడం వైపు చూసింది. మేడం కానివ్వమన్నట్టు తలూపింది.

సిద్దమ్మ వేలు ముంచింది.